వసపిట్ట చేతులు

బడి మేడమీద, నా గది
వానలు మొదలయ్యాక వచ్చిన ఆదివారం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. నేను పంపింది కరెంటు ఆఫీసు నోటీసులా ఉందని వెక్కిరించావు. చేత్తో రాయకుండా టైపు కొట్టి పంపితే అక్క ప్రేమ తగ్గిపోయినట్టా? బళ్ళో కొత్త కంప్యూటరు పెట్టారు, దాని మొహం చూసేవాళ్ళు లేరు, పోనీలే అని నేను వాడుతున్నాను. వీడియోలో కనపడటం లేదని కూడా దెప్పావు. ఫోను తెర పగిలింది. బాగు చేయించాలి. ఎప్పుడు చేయిస్తావని మాత్రం అడగకు.

అలిసిపోయానురా. ఇన్నేళ్ళుగా మొదటి తరగతి చెబుతున్నాను, ఈ ఏడు ఉన్నంత నీరసం ఎప్పుడూ లేదు. బడి వదిలేసరికి తల ప్రాణం తోకకి వస్తోంది. చెవులు వినపడని పిల్లల బడి అంటే నిశ్శబ్దంగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. బల్లలు ఈడ్చిన చప్పుడు, నేల తన్నిన చప్పుడు ఎలా ఉంటాయో నాకు తెలీదు గానీ ఆ అదురు మాత్రం సాయంత్రం దాకా నా అరికాళ్ళలోనే ఉంటుంది.

ఈసారి వచ్చిన పిల్లలకి నాలుగేళ్ళు, ఐదేళ్ళు. ఇళ్ళల్లో ఎవరికీ సైగలు రావు. దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని కుళాయి దాకా లాక్కెళ్ళడమే వాళ్ళకి తెలిసిన మాట. నీళ్ళకొక మాట ఉందని, అమ్మకొక మాట ఉందని వాళ్ళకి మొట్టమొదట చెప్పేది నేనే. నా చేతులు ఎలా కదిలితే వాళ్ళ చేతులూ అలాగే కదులుతాయి. జీవితాంతం అదే వాళ్ళ భాష. నీకు తెలియంది కాదులే, నా పక్కన కూర్చుని నువ్వూ అలాగే నేర్చుకున్నావు.

ఈ గుంపులో ఒక పిల్ల ఉంది. వసపిట్ట అని పేరు పెట్టాను. చేతులు ఆగవు. అన్నం తింటూ మాట్లాడాలంటే చెంచా అడ్డమని చెంచా కింద పడేస్తుంది. వాళ్ళమ్మకి నాలుగు వీధుల మొగలో ఇస్త్రీ దుకాణం ఉంది. మొన్న ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. ఇంట్లో పిల్ల ఏదైనా చెప్పబోతే చేతులు వణుకుతున్నాయట. బళ్ళో ఎవరైనా భయపెడుతున్నారా, లేక నరాల జబ్బేమైనా వచ్చిందా అని అడిగింది. నరాల డాక్టరుకి చూపించమని రాసిచ్చి పంపాను.

నీ సంగతి రాయి. ఇంకా హోటల్లో ఆ ట్రేలు మోస్తూనే ఉన్నావా? మరదలికి దగ్గు తగ్గిందా?

అక్క


హోటలు, బిల్లుల బల్ల దగ్గర
ముసురు పట్టిన మధ్యాహ్నం

అక్కా,

పైన రాసిన చోటు చూసి ఆశ్చర్యపోకు. ఇప్పుడు నేను బల్ల వెనక కూర్చునే మనిషిని. మోకాలు నొప్పి అని చెప్పి వడ్డన మానేశాను. మేనేజరు మొహం చిట్లించాడు గానీ ఇన్నేళ్ళుగా ఉన్న మనిషిని కాదనలేక ఈ కుర్చీలో పడేశాడు. పనంతా మీటలు నొక్కడమే. కూర్చుంటే హాయిగా ఉంటుందనుకున్నాను. నిలబడి చేసే పనికంటే ఇదే ఎక్కువ విసుగ్గా ఉంది. తిన్నవాళ్ళ మొహాలు చూడటంలో ఒక సంతోషం ఉండేది. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా డబ్బు తీసే మొహాలతో వస్తారు.

నీ మరదలికి దగ్గు తగ్గింది, నా మీద కోపం తగ్గలేదు. ఇంట్లో దేనికీ పలకడం లేదని గొడవ. పలకడానికి ఓపికుండాలి కదా.

నువ్వు రాసిన పిల్ల సంగతి నా బుర్ర తినేస్తోంది. ఆ వయసులో చేతులు వణకడం నేనెక్కడా వినలేదు. వణుకంటే నాకు తెలిసింది నాన్నదే. టీ గ్లాసు సగానికే పోయించుకునేవాడు, ఎందుకు నాన్నా అంటే చలి అనేవాడు. మండుటెండల్లో కూడా ఆయనకి చలే. అమ్మ ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే నువ్వు సైగ చేసి అడిగేదానివి, ఆయనకి చేతులు లేవా అని. ఆయన నవ్వేసేవాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు. డాక్టరు ఏమన్నారో రాయి. అన్నట్టు ఫోను తెర మార్చడానికి ఇన్ని నెలలు పట్టదు. నా దగ్గర ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు నీకు ఒంట్లో బాగోలేనప్పుడే నాతో ఇంత మర్యాదగా మాట్లాడేదానివి.

నీ తమ్ముడు


బడి మేడమీద
వాన వెలిసిన రోజు

ఒరే,

ఈ ఉత్తరం చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు చూశాక నీకు విడిగా చెప్పాల్సింది ఉండదు. అయినా చెబుతాను.

డాక్టరమ్మ వసపిట్టని అన్ని రకాలుగా చూసిందట. చేతులు చాపి నిలబడమంది, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయమంది, దారానికి పూసలు గుచ్చమంది. ఎక్కడా చిన్న అదురు కూడా లేదు. సరే, పిల్లతో మాట్లాడించండి అందట. వాళ్ళమ్మకి సైగలు రావుగా, బడి సంచీ చూపించి ఏదో చెప్పమన్నట్టు మొహం పెట్టింది. అంతే, వసపిట్ట చెప్పడం మొదలుపెట్టింది, చేతులు గడగడా వణికాయి. డాక్టరమ్మ కాసేపు చూసి, పిల్లకి ఏ జబ్బూ లేదు, ఈ పిల్లకి ఎవరు చదువు చెబుతున్నారో ఆవిణ్ణి నా దగ్గరికి పంపండి అందట.

మర్నాడు ఆ తల్లి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. హెడ్ మేడం కూడా వచ్చింది. నేను చూసుకోలేదు. నీళ్ళు అని చేసి చూపించాను. పిల్లలంతా నా తరవాత నీళ్ళు అన్నారు. ఇరవై చేతులు, ఇరవయ్యీ ఒకేలా వణికాయి. కిటికీలోంచి చూస్తున్న వాళ్ళిద్దరి మొహాలూ అప్పుడు కనబడ్డాయి నాకు. హెడ్ మేడం లోపలికి వచ్చి నా చేతులు పట్టుకుంది. ఎప్పట్నుంచి అని అడిగింది.

ఎప్పట్నుంచో చెప్పలేనురా. మొదట సుద్దముక్క జారేది. తరవాత కప్పు పట్టుకుంటే తొణికేది. ఒళ్ళో పెట్టుకుంటే చేతులు బుద్ధిగా ఉంటాయి, పని చెప్పగానే మొదలవుతుంది. పిల్లలకి తెలియకూడదని సైగల్ని చిన్నవి చేశాను, కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించాను, పెద్ద పాఠాలు సాయంత్రం చెప్పకుండా పొద్దున్నే చెప్పాను. నీకు వీడియోలో కనపడలేదు. కప్పిపుచ్చానని నేననుకున్నాను. ఆ చంటివెధవలు వణుకుని కూడా మాటలో భాగమనుకుని నేర్చేసుకున్నారు.

నేను తిన్నా తినకపోయినా, పడుకున్నా లేచినా ఇదే ఆలోచన. వాళ్ళకి ఉన్నది ఒక్క భాష. దానికి నత్తి పట్టించాను. ఇప్పుడు క్లాసులో వాళ్ళ చేతుల వైపు చూడలేకపోతున్నాను. బొమ్మల పుస్తకాలు ముందు పెట్టి కూర్చోబెడుతున్నాను.

వెంటనే జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

అక్క


హోటలు, సరుకుల గదిలో
అదే వారం

అక్కా,

ఎందుకు రాయను? పొద్దున ఉత్తరం అందింది, బల్ల దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెట్టి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుని రాస్తున్నాను.

నాకు కోపంగా ఉంది. నీ చేతులు వణికితే నాకు చెప్పడానికి సిగ్గేమిటి? వినపడదని ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా? నీ అక్షరాలు చూసి ఏడుపొచ్చింది, అది కూడా రాస్తున్నాను, తరవాత వెక్కిరించుకో. ఒక్కో అక్షరం చలికి ముడుచుకున్నట్టుంది. నాన్న సంతకం అలాగే ఉండేది.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ డాక్టరమ్మ నిన్ను రమ్మంది కదా. పిల్లకి జబ్బు లేదనగానే నీకేదో పెద్ద జబ్బని నువ్వే తేల్చేసుకుని కూర్చోకు. నాకు సెలవు దొరికితే నేనే వచ్చి ఆవిడ మాటలు నీకు చేతుల్లో చెప్పేవాణ్ణి. దొరికేలా లేదు. కాగితం, కలం పట్టుకెళ్ళు. ఆవిడనే రాయమను. డాక్టర్ల రాత నీ రాతకంటే బాగుంటుందన్న నమ్మకం లేదనుకో.

పిల్లల సంగతి ఆ తరవాత. నువ్వు వాళ్ళ నోట విషం పొయ్యలేదు. నత్తి పట్టించానని దయచేసి రాయకు.

నీ తమ్ముడు


బడి మేడమీద
చలికాలపు మొదటి ఆదివారం

తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. నీ కోపం చల్లారడానికి అంతా వివరంగా రాస్తాను. మధ్యలో రాత గజిబిజిగా ఉంటే అక్కడ నాకు నిద్రొచ్చిందని అర్థం, ఎందుకో తరవాత చెబుతాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా కూతురు వయసు ఉంటుంది, నాకు కూతురుంటే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంది, వణుకు లేదు. చాపమంది, వచ్చింది. నా ముక్కు, తన వేలు మార్చి మార్చి ముట్టుకోమంది, వేలి దగ్గరికి వెళ్ళేకొద్దీ ఎక్కువైంది. నత్తగుల్ల బొమ్మ వెయ్యమంటే నేను వేసింది ముళ్ళకంపలా వచ్చింది. నీళ్ళు పొయ్యమంటే ఆవిడ బల్లంతా తడిపాను. నడిపించింది, మెడ తిప్పించింది, థైరాయిడ్ వల్ల కాదని తెలుసుకోవడానికి రక్తం తీయించింది.

పెద్దవాళ్ళకి వస్తుందే, ఒంట్లో అన్నీ బిగుసుకుపోయే వణుకుడు రోగం, అదేనని నేను గుండె రాయి చేసుకుని వెళ్ళాను. అది కాదట. అది ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువ, ఇది పని చేస్తున్నప్పుడు ఎక్కువ. దీని పేరు ఎసెన్షియల్ ట్రెమర్. ఎసెన్షియల్ అంటే తప్పనిసరి కదా, ఈ వణుకు లేకపోతే ఎవరికి ఏం లోటని ఆ పేరు పెట్టారని అడిగాను. ఆవిడ నవ్వి, వేరే జబ్బు వల్ల కాకుండా తనంతట తానే వచ్చేదని అర్థం అని రాసింది. చాలామందికి ఉంటుందట. ప్రాణానికి ముప్పు లేదు. ఏళ్ళ మీద కొంచెం కొంచెం పెరగొచ్చు. నయం కాదు, తగ్గించుకోవచ్చు.

మామూలుగా గుండెకీ బీపీకీ వాడే ఒక మాత్ర దీనికి ముందుగా ఇస్తారట. నాకు ఉబ్బసం ఉంది కాబట్టి అది పనికిరాదంది. అందుకని మూర్ఛకి వాడే మాత్ర, చిన్న ముక్కతో మొదలుపెట్టింది. మొదటి వారం మంచం, గోడ, నేను అందరం కలిసి తిరిగాం. ఇప్పుడు తిరగడం తగ్గింది, నిద్ర మాత్రం తగ్గలేదు. వణుకు పోలేదు గానీ మెత్తబడింది. కాఫీ మానెయ్యమంది, అదొక్కటే నన్ను ఏడిపించింది. కంటినిండా నిద్రపొమ్మంది. బరువున్న కప్పు, మూతున్న కప్పు వాడమంది, రాయడానికి లావు కలం, పని చేసేటప్పుడు మోచేతులు పక్కలకి ఆనించుకోమంది. ఎవరైనా చూస్తున్నారని కంగారు పడితే ఇంకా ఎక్కువవుతుందట. ఆ ముక్క నాకు ముందే తెలుసు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నాన్న సంగతి రాశాను. సాయంత్రం కాస్త పుచ్చుకుంటే ఆయన చెయ్యి నిలకడగా ఉండేదా అని అడిగింది. ఉండేదిరా, గుర్తుందా, ఆ పూట తన గుండీలు తానే పెట్టుకునేవాడు. తాగుడు వల్లే వణుకని వీధివాళ్ళంతా అనేవారు. తాగుడు కాసేపు వణుకుని అణుస్తుందట, ఆ తరవాత మళ్ళీ ఎక్కువవుతుంది, అది వైద్యం కాదు, మీరు ఆ దారి పట్టకండి అని రాసింది. పాపం నాన్నకి ఈ పేరైనా ఎవరూ చెప్పలేదు.

తోబుట్టువులు ఉన్నారా అని కూడా అడిగింది. తమ్ముడున్నాడు, వాడికి మోకాలు నొప్పి తప్ప ఏమీ లేదని రాసిచ్చాను. అంతేగా?

హెడ్ మేడం మంచిదే. నన్నేమీ అనలేదు. సెలవుల తరవాత మొదటి తరగతికి కొత్త టీచరు వస్తుంది. నేను పుస్తకాల గది చూసుకోవాలి. పాత పుస్తకాలకి అట్టలు వెయ్యడం, పెద్ద పిల్లలకి పుస్తకాలు ఇవ్వడం. ఆవిడ అడగకముందే నేనే అడిగి కాగితం మీద సంతకం పెట్టాను. పోట్లాడే ఓపిక లేదు. చిన్నపిల్లల ముందు ఈ చేతులు ఎత్తే ధైర్యమూ లేదు.

అక్క


ఇల్లు
రెండు రోజులు పనికి వెళ్ళకుండా

అక్కా,

అంతేగా అని అడిగావు. అంతే కాదు.

నాకు మోకాలు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. నాక్కూడా వణుకే. నా కుడి చెయ్యి ఎక్కువ, ఎడమది కొంచెం నయం. నీకు రాసే ఉత్తరాలు రెండు మూడు సార్లు తిరగరాసి పంపేవాణ్ణి కాబట్టి నా రాతలో నీకు తెలియలేదు. నీకు చెవిన పడదు గానీ, సాసరు మీద కప్పు గలగలమంటూ ఉంటే హాలంతా తలెత్తి చూస్తుంది. వంటింటి తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా ఆ గలగల నాకంటే ముందు నడిచేది. పాత గిరాకీలు జాలిపడేవాళ్ళు, కొత్తవాళ్ళు నేను కొత్తగా చేరాననుకుని భయపడకు బాబూ అనేవాళ్ళు. ఒకరోజు సూప్ గిన్నె దించబోయి ఒక పెద్దాయన ఒళ్ళో పోశాను. కాలలేదు, అదృష్టం. మేనేజరు నన్ను వెనక్కి తీసుకెళ్ళి నోరు తెరవమని వాసన చూశాడు. నాకు తెల్లవారు జామున టీ తప్ప ఏ అలవాటూ లేదని వాడికి తెలుసు. అయినా వాసన చూశాడు. ఆ మర్నాడే మోకాలు నొప్పి కనిపెట్టాను.

నీ ఉత్తరంలో తమ్ముడికి ఏమీ లేదని రాసిచ్చానన్నావు చూడు, అది చదివి కాగితం నీ మరదలి చేతిలో పెట్టేశాను. ఎన్నాళ్ళ నుంచో పలకడం లేదని గొడవ పడే మనిషి వెంటనే చెప్పులు వేసుకుంది. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నాకు ఉబ్బసం లేదు కాబట్టి ఆ గుండె మాత్ర ఇచ్చాడు. నాడి నెమ్మదిస్తుంది, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. రెండు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను. సంతకం కాస్త సంతకంలా వస్తోంది. ట్రే మళ్ళీ పడతానో లేదో చెప్పలేను. పడాలని ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఒళ్ళు కాదు అక్కా అలిసింది, దాచి దాచి మనసు అలిసింది.

పుస్తకాల గదికి నువ్వే అడిగి సంతకం పెట్టావని తిట్టబోయి ఆగాను. నేనూ అదే చేశాను కదా. కాకపోతే నేను వదిలేసింది కప్పులూ సాసర్లూ. నువ్వు వదిలేస్తున్నది పిల్లల్ని. ఆ రెండూ ఒకటి కాదు. ఇంతకంటే చెప్పే హక్కు నాకు లేదు.

తెర పగిలినా పగలకపోయినా ఆదివారం పొద్దున్న వీడియోలోకి రా.

నీ తమ్ముడు


బడి మేడమీద
సెలవులకి ముందు శనివారం

ఒరే తమ్ముడూ,

ఆదివారం మనిద్దరం చేతులు చాపి ఎవరిది ఎక్కువ వణుకుతోందని పందెం వేసుకుంటుంటే మరదలు వెనక నిలబడి తల పట్టుకుంది. పాపం, ఏ ఇంట్లో పడ్డాన్రా దేవుడా అనుకుని ఉంటుంది. మాట్లాడి మాట్లాడి చేతులు నొప్పెట్టాయి. ఆ నొప్పి చాలాకాలానికి బాగుంది.

ముందే చెప్పేస్తే తాపీగా చదువుతావు. పుస్తకాల గదికి వెళ్ళడం లేదు. నిన్న హెడ్ మేడం దగ్గరికి వెళ్ళి అడిగాను. సంతకం పెట్టేశాక ఇదేమిటని ఆవిడ విసుక్కుంది, విసుక్కోవడంలో తప్పు లేదు. ఆఖరికి కొత్త టీచరూ నేనూ కలిసి మొదటి తరగతి చెప్పేటట్టు ఒప్పుకుంది. పిల్లలు రెండు జతల చేతులు చూస్తారు. నేను పొద్దున పూట చెబుతాను, మాత్ర నిద్ర ముంచుకొచ్చే మధ్యాహ్నం ఆ అమ్మాయి చెబుతుంది. ఆ అమ్మాయి చాలా చురుగ్గా ఉంది, చూస్తేనే నాకు ఆయాసం వచ్చింది.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. గురువారం బడి అయ్యాక వసపిట్ట వాళ్ళ ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. సెలవుల తరవాత వేరే టీచరు వస్తుంది, పిల్ల చేతులు బాగుపడతాయి, కంగారు పడకండి అని ఆ తల్లితో చెబుదామని. ముందుగానే కాగితం మీద రాసుకెళ్ళాను. ఆవిడ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి మొహం ముడుచుకుంది, మళ్ళీ తనే స్టూలు తుడిచి కూర్చోమంది. వసపిట్ట లోపల్నుంచి ఊడిపడింది. బోర్లించిన చెక్కపెట్టె ఎక్కి నిలబడి, నేనున్నానని కూడా చూడకుండా వాళ్ళమ్మకి ఆ రోజంతా చెప్పడం మొదలుపెట్టింది.

చాలా రోజుల తరవాత ఆ పిల్ల చేతులు సరిగ్గా చూశానురా.

ఆకలి అంది. పెన్సిలు పోయింది అంది. బెంచీలో తన పక్కన కూర్చునే పిల్ల తనని గిల్లింది, తనూ గిల్లింది అంది. ఎక్కడా వణుకు లేదు. శుభ్రంగా, నున్నగా, ఒక్కో మాట తుడిచిపెట్టినట్టు చెప్పింది. నేను నమ్మలేక కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అప్పుడు భుజాలు కాస్త పక్కకి తిప్పింది. వీపు నిటారుగా పెట్టింది. మోచేతులు పక్కలకి ఆనించింది. గడ్డం కొంచెం కిందికి దించి, కళ్ళద్దాల పైనుంచి చూస్తున్నట్టు చూసింది. అచ్చం నేనే. చేతులు ఎత్తింది, వణికాయి. 'నెమ్మదిగా. తొందరేం లేదు. నా వైపు చూసి మళ్ళీ చెప్పు' అంది. మళ్ళీ భుజాలు ఇటు తిప్పి తను తనైపోయింది. 'తరవాత నేను మళ్ళీ చెప్పాను, టీచరు నవ్వింది' అని చెప్పింది. వణుకు లేదు.

మనం ఒకరి మాట ఇంకొకరికి చెప్పేటప్పుడు చేసేది అదే కదా. ఆ మనిషి ఎలా నిలబడతాడో, ఎలా చూస్తాడో, చేతులు ఎలా ఆడిస్తాడో అన్నీ తెచ్చి చెబుతాం. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి చెప్పేవన్నీ బడి సంగతులే, అందులో సగం టీచరు అన్న మాటలే. డాక్టరమ్మ ముందు తల్లి బడి సంచీ చూపించింది, పిల్ల నా మాటలే చెప్పింది. కిటికీలోంచి హెడ్ మేడం చూసినప్పుడు పిల్లలు నా మాటని నేను అన్నట్టే, నాలాగే చెబుతున్నారు. ఎవరికీ తెలియలేదు. తల్లికి సైగలు రావు కాబట్టి తెలియలేదు. అన్నీ వచ్చిన నాకు, సిగ్గుతో వాళ్ళ చేతులు చూడటమే మానేశాను కాబట్టి తెలియలేదు. నేను వాళ్ళ భాష పాడు చెయ్యలేదు తమ్ముడూ. ఏది మాటో, ఏది నాదో ఆ చంటివాళ్ళకి మొదటినుంచీ తెలుసు.

తల్లి ఇస్త్రీ ఆపి నా వైపు చూసి, చూశారా, మళ్ళీ వచ్చింది అన్నట్టు పిల్ల చేతులు చూపించింది. నేను రాసుకెళ్ళిన కాగితం వెనక్కి తిప్పి రాశాను. నా అక్షరాలు ఎంత అష్టవంకర్లుగా ఉన్నా పట్టించుకోలేదు. 'ఇది జబ్బు కాదు. ఆ వణుకు నాది. నేను క్లాసులో ఏమన్నానో మీకు చెబుతోంది.' ఆవిడ చాలాసేపు చదివింది. ఇంతకాలం నా కూతురు నాకు మీ మాటలు చెబుతోందా, నేను జబ్బనుకున్నానా అని కింద రాసింది. తరవాత, ఏమన్నారు మీరు అని అడిగింది. నెమ్మదిగా అన్నాను, అని రాసి, ఆ మాట ఎలా చెబుతారో అమ్మకి చూపించమని వసపిట్టతో అన్నాను. వసపిట్టకి అడగడమే ఆలస్యం.

ఆ తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, కూతురు చూపించినట్టు చెయ్యబోయింది. పక్కనుంచి నేనూ చేసి చూపిస్తున్నాను, ఆవిడ నన్ను చూస్తూ చేసింది కాబట్టి వణుకుతో సహా చేసింది. వసపిట్ట కాదని తల ఊపింది. పెట్టె దిగి వచ్చి, తల్లి మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, వణుకు ఆగేదాకా అలాగే ఉంచింది. ఆగాక నెమ్మదిగా కదిపించింది. ఆ పైన నా వైపు చూపించి, తన చెయ్యి వణికించి, అది టీచరుది అంది. తల్లి గుండె మీద వేలు పెట్టి, నువ్వు నీలాగ చెప్పు అంది. రెండోసారి తల్లి సరిగ్గా చెప్పింది.

అక్క